7,000 అడుగులు అడిగారు, 5,700 గీశాం: బిజినెస్ జెట్ల రన్‌వే పొడవుపై ఒక కేస్ స్టడీ

విమానాశ్రయ బోర్డు మొదటి సమావేశంలోనే ఒక అంకె నా ముందు పెట్టింది. 7,000 అడుగులు. అప్పటికి ఉన్న రన్‌వే 5,000. ఇంకో 2,000 కలిపితే పెద్ద జెట్లు వస్తాయి, ఇంధనం అమ్మకం పెరుగుతుంది, కంపెనీలు ఈ ప్రాంతం వైపు చూస్తాయి అన్నది వాళ్ల ఆశ. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగాను. పక్క కౌంటీ విమానాశ్రయానికి అంత పొడవుందని ఒకరన్నారు. ఒక జెట్ తయారీదారు కరపత్రంలో చూశానని ఇంకొకరన్నారు. ఏ విమానం, ఎంత బరువుతో, ఎక్కడికి వెళ్లబోతే ఈ రన్‌వే చాలలేదో ఒక్కరూ చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి మాకు ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏడాదిలో ఏం చేశామో, ఎక్కడ తడబడ్డామో నాలాగే ప్లానింగ్ పని చేసేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఇది అమెరికాలోని ఒక జనరల్ ఏవియేషన్ విమానాశ్రయం. పేరు చెప్పను. ఎయిర్‌లైన్ సర్వీసులు లేవు, కంట్రోల్ టవర్ లేదు. సముద్ర మట్టానికి 700 అడుగుల ఎత్తు. అత్యంత వేడి నెలలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 32 సెల్సియస్. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, వెడల్పు 75 అడుగులు. మధ్యగీత మీద అతి ఎత్తైన చోటుకూ అతి పల్లపు చోటుకూ తేడా 20 అడుగులు. పడమర కొసన చదునైన పొలాలు, 1,700 అడుగుల దూరంలో కౌంటీ రోడ్డు. తూర్పు కొసన 700 అడుగులు దాటితే వాగు గట్టు. ఈ వాగు సంగతి గుర్తుంచుకోండి.

ముందు ఎవరి కోసం కడుతున్నామో తేల్చాలి. ఫెడరల్ నిధులు అడిగే ప్రాజెక్టు కాబట్టి అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నియమం ప్రకారం నడవాలి. ఇలాంటి విమానాశ్రయాలకు సాధారణంగా ఖర్చులో అధిక భాగం ఆ నిధుల నుంచే వస్తుంది. ఏడాదికి కనీసం 500 ఆపరేషన్లు చేసే విమానం, లేదా ఒకే రకం విమానాల గుంపు, ఆ విమానాశ్రయానికి కీలక విమానం అవుతుంది. టేకాఫ్ ఒక ఆపరేషన్, ల్యాండింగ్ ఒక ఆపరేషన్. అంటే 250 సార్లు వచ్చి వెళ్తే చాలు. దిగీ దిగగానే మళ్లీ లేచే శిక్షణ విన్యాసాలను లెక్కలోకి తీసుకోరు. బోర్డు సభ్యులు గర్వంగా చెప్పుకున్న గల్ఫ్‌స్ట్రీమ్ అనే పెద్ద జెట్ ఏడాదిలో కొద్దిసార్లే వచ్చింది. 60,000 పౌండ్లు దాటిన జెట్లన్నీ కలిపినా 500 దరిదాపులకు రాలేదు. నిత్యం వచ్చేవి సైటేషన్ ఎక్సెల్, ఎక్స్ఎల్ఎస్ లాంటి 20,000 పౌండ్ల తరగతివి. వాటి వెనుక లియర్‌జెట్ 45లు, అప్పుడప్పుడు హాకర్లు, చాలెంజర్లు.

ఈ తరగతికి, అంటే 12,500 నుంచి 60,000 పౌండ్ల మధ్య బరువున్న విమానాలకు, రన్‌వే పొడవు తేల్చడానికి మేం వాడింది ఎఫ్ఏఏ 2005లో వెలువరించిన సలహా పత్రం, 150/5325-4బి. అందులోని చార్టులు రెండు ప్రశ్నలు అడుగుతాయి. ఈ తరగతి విమానాల్లో 75 శాతానికి సరిపోవాలా, 100 శాతానికా? ఉపయోగపు బరువులో (ప్రయాణికులు, సామాను, ఇంధనం కోసం మిగిలే బరువులో) 60 శాతంతో లేవాలా, 90 శాతంతోనా? మొదటి ప్రశ్నకు జవాబు సులువు. పత్రంలో విమానాల పట్టికలు రెండున్నాయి. మా దగ్గరికి నిత్యం వచ్చేవి మొదటి పట్టికలోనే ఉన్నాయి. హాకర్ 800ఎక్స్‌పీ, లియర్‌జెట్ 60 లాంటివి రెండో పట్టికలోవి, వాటి రాకపోకలు తక్కువ. కాబట్టి 75 శాతం. పోతే ఆ పట్టికలు 2005 నాటివి, తర్వాత వచ్చిన ఎన్నో జెట్లు వాటిలో లేవు. అందుకే ప్రతి కొత్త మోడల్‌నూ దాని పెర్ఫార్మెన్స్ పుస్తకం తెరిచి విడిగా సరిచూశాం. ఆ పని విసుగు పుట్టించేదే అయినా తప్పించుకోకూడదు.

రెండో ప్రశ్నలోనే కథంతా ఉంది. మా ఎత్తుకూ ఉష్ణోగ్రతకూ చార్టులో చూస్తే 60 శాతం బరువుకు దాదాపు 4,700 అడుగులు, 90 శాతానికి దాదాపు 6,400 వచ్చాయి. వీటికి సవరణలు రెండు. టేకాఫ్‌కైతే మధ్యగీత ఎత్తుల తేడాలో ప్రతి అడుగుకూ 10 అడుగుల పొడవు కలపాలి. మాకు 20 అడుగుల తేడా కాబట్టి 200. తడి రన్‌వే మీద ల్యాండింగ్‌కైతే జెట్లకు 15 శాతం పెంచాలి. అయితే 60 శాతం చార్టులో ఆ పెంపు 5,500 దగ్గర, 90 శాతం చార్టులో 7,000 దగ్గర ఆగిపోతుంది. ఒకటి టేకాఫ్ సవరణ, ఇంకొకటి ల్యాండింగ్ సవరణ. రెండింటిలో పెద్దది తీసుకోవాలి తప్ప ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. మాకంటే ముందు తయారైన ముసాయిదాలో రెండూ కలిపేసి 5,600 చూపారు. ఒకే విమానం ఒకే క్షణంలో లేవడం, దిగడం రెండూ చేస్తున్నట్టు అన్నమాట. ఈ పొరపాటు నేను ఇంకా కొన్ని నివేదికల్లోనూ చూశాను.

సరిగా లెక్కిస్తే 60 శాతం వరుసలో టేకాఫ్‌కు 4,900, తడి ల్యాండింగ్‌కు 5,405. అంటే 5,400. 90 శాతం వరుసలో టేకాఫ్‌కు 6,600. తడి ల్యాండింగ్‌కు 7,360 రావాలి గాని పరిమితి వల్ల 7,000. బోర్డు అడిగిన అంకె కాగితం మీద ప్రత్యక్షమైంది! వాళ్లు సంబరపడ్డారు. ఆ వరుసలో నిలబడే అర్హత మనకుందని ముందు నిరూపించాలి అన్నాను.

ఉపయోగపు బరువు అంటే విమానం మోయగల గరిష్ఠ బరువులోంచి సిబ్బందితో సహా ఖాళీ విమానం బరువు తీసేస్తే మిగిలేది. దాన్ని ప్రయాణికులూ సామానూ ఇంధనమూ పంచుకుంటారు. బోర్డుకు నేను తెల్లబోర్డు మీద వేసి చూపించిన లెక్క ఇది. గరిష్ఠంగా 20,000 పౌండ్లు, ఖాళీగా 12,500. ఉపయోగపు బరువు 7,500. అందులో 60 శాతం అంటే 4,500. సామానుతో కలిపి మనిషికి 200 చొప్పున ఎనిమిది మందికి 1,600 పోతే ఇంధనానికి మిగిలింది 2,900 పౌండ్లు. తప్పనిసరిగా ఉంచాల్సిన నిల్వ ఇంధనం పక్కన పెడితే గంటా గంటన్నర ప్రయాణం. అదే 90 శాతమైతే 6,750లోంచి 1,600 పోను 5,150. ఖండం అవతలి అంచుకు కాకపోయినా చాలా దూరమే వెళ్లొచ్చు. కాబట్టి 60, 90 అన్న తేడా నిజానికి దూరాల తేడా. మనవాళ్లు ఎంత దూరం వెళ్తున్నారన్నదే అసలు ప్రశ్న.

జవాబు కోసం ఫ్లైట్ ప్లాన్ల లెక్కలు తెప్పించాం. ఇక్కడే నేను దాదాపు బోల్తా పడ్డాను. బయల్దేరిన జెట్లలో అత్యధికం 500 నాటికల్ మైళ్ల లోపు గమ్యాలకే వెళ్లాయని తేలింది. చాలా మటుకు 200 లోపే. కేసు ముగిసినట్టేననుకుని నివేదికలో ఆ పేరా రాసేశాను కూడా.

తర్వాతి వారం, విమానాలను అద్దెకు నడిపే స్థానిక చార్టర్ సంస్థలో ప్రయాణాలను ఏర్పాటు చేసే డిస్పాచర్‌ను కలిశాను. ఆమె బల్ల సొరుగులోంచి ఒక లావుపాటి ఫైలు తీశారు. ఒక్కో ట్రిప్పుకు ఒక్కో కాగితం. మొదటి కాగితం మీద జూలైలో ఒక మధ్యాహ్నం, ఏడుగురు ప్రయాణికులు, గమ్యం పశ్చిమ తీరం. ఇంధనం గడిలో ఒక అంకె కొట్టేసి దాని పైన చిన్న అంకె రాసి ఉంది. కింద పెన్సిల్‌తో "ఇక్కడ నింపకండి, 150 మైళ్ల దగ్గర ఆగి నింపండి" అని రాశారు. ఆ రోజు ఎండకు 5,000 అడుగుల్లో అంత బరువుతో లేవలేమని పైలట్ తేల్చారట. నా పట్టికలో ఆ ప్రయాణం ఎలా నమోదైందో తెలుసా? 150 మైళ్ల చిన్న ట్రిప్పు.

పొట్టి రన్‌వే తన కొరతను తానే దాచేస్తుంది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నవాటిలో దీన్ని మించింది లేదు. ఉన్న రన్‌వే మీద జరిగిన ప్రయాణాలను మాత్రమే లెక్కిస్తే ఉన్న రన్‌వే సరిపోతోందనే వస్తుంది. సరిపోని ప్రయాణాలు వేరే పేరుతో జరిగాయి, లేదా వేరే చోట జరిగాయి, లేదా జరగనే లేదు. అలాగే టవర్ లేని విమానాశ్రయాల్లో పైలట్లు తరచూ గాలిలోనే ఐఎఫ్ఆర్ ప్లాన్ (పరికరాల ఆధారంగా, కంట్రోలర్ల అనుమతితో సాగే ప్రయాణ పథకం) రద్దు చేసుకుని దిగుతారు, లేచాక గాలిలోనే అనుమతి తీసుకుంటారు. అందువల్ల ఆ లెక్కల్లో కొన్ని రాకపోకలు అసలు కనిపించవు కూడా.

రాసిన పేరా తీసేశాను. ప్రతి చిన్న ట్రిప్పునూ దాని రిజిస్ట్రేషన్ నంబర్ పట్టుకుని వెంబడించాం. ఆగిన చోట గంటలోపే మళ్లీ లేచి ముందుకు వెళ్లిందా? వెళ్తే రెండూ ఒకే ప్రయాణమని కలిపాం. ఇక్కడ విమానాలు ఉంచుకునే కంపెనీల దగ్గరికి వెళ్లి, బరువు తగ్గించుకున్న ప్రయాణాల కాగితాలు అడిగి తెచ్చాం. ఒక పైలట్ తన సొంత డైరీ ఇచ్చారు. "ఈ రన్‌వే బాగానే ఉంది, ఎండాకాలం తప్ప" అన్నది ఆయన అభిప్రాయం. నాలుగు నెలలు పట్టిన ఈ పని ముగిశాక దూరపు ప్రయాణాలు మొదటి లెక్కకంటే చాలా ఎక్కువగా తేలాయి. కానీ 500 కాలేదు. ఎంత ఉదారంగా లెక్కించినా కాలేదు.

కాబట్టి 60 శాతం వరుస, 5,400 అడుగులు. బోర్డు ముఖాలు వాడిపోయాయి. నాకు మాత్రం ఆ 5,400లో వాళ్లు గమనించని బలం కనిపించింది. దాన్ని నిర్ణయించింది టేకాఫ్ కాదు, తడి ల్యాండింగ్. డిస్పాచర్ ఫైలులో సగానికి పైగా కాగితాలు వాన కాగితాలే.

యజమాని తన సొంత జెట్‌ను ఫెడరల్ విమానయాన నిబంధనల్లోని పార్ట్ 91 కింద నడిపితే పుస్తకంలో ఉన్న ల్యాండింగ్ దూరం రన్‌వేలో పడితే చట్టానికి సరిపోతుంది. అదే జెట్‌ను అద్దె ప్రయాణాలకు వర్తించే పార్ట్ 135 కింద చార్టర్‌గా నడిపితే ఆ దూరం రన్‌వే పొడవులో 60 శాతం లోపు ఉండాలి. చేరే సమయానికి రన్‌వే తడిగా ఉండొచ్చని వాతావరణ సూచన చెబితే అవసరమైన పొడవు మీద ఇంకో 15 శాతం కావాలి. ఇది బయల్దేరక ముందే తేలాల్సిన లెక్క. ప్రత్యేక అనుమతి పొందిన సంస్థలకు 60 బదులు 80 శాతం వరకు వెసులుబాటు ఉంది గాని ఈ సంస్థకు లేదు.

మా 5,000 అడుగుల్లో 60 శాతం అంటే 3,000. తడి అయితే దాదాపు 2,600. నేను చూసిన ఒక కాగితం మీద ఆ రోజు బరువుకు ల్యాండింగ్ దూరం 2,750 అని ఉంది. పొడిగా ఉంటే దిగొచ్చు. వాన సూచన ఉంది కాబట్టి చార్టర్ నలభై మైళ్ల అవతల ఇంకో విమానాశ్రయంలో దిగింది, ప్రయాణికులను కారులో తెచ్చారు. అదే మధ్యాహ్నం అదే మోడల్ జెట్‌లో ఒక యజమాని ఇక్కడే దిగారు. విమానం ఒకటే, వాన ఒకటే, చట్టం వేరు. 5,400 అడుగులుంటే తడి రోజు పరిమితి దాదాపు 2,800కు చేరుతుంది, ఆ 2,750 దానిలో ఇమిడిపోతుంది. 400 అడుగుల పొడిగింపు ఎందుకని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ ఒక్క కాగితమే.

ఇక నేల మీదికి వద్దాం. లియర్‌జెట్లు, చాలెంజర్లు విడివిడిగా 500 చేరకపోయినా, 121 నాట్లు, ఆపైన అప్రోచ్ వేగంతో (దిగడానికి వచ్చేటప్పటి వేగంతో) దిగే సి తరగతి జెట్లన్నీ ఒక గుంపుగా చూస్తే ఆ గీత దాటాయి. దాంతో డిజైన్ ప్రమాణం బి-2 నుంచి సి-2కి మారింది. అక్షరం అప్రోచ్ వేగాన్ని, అంకె విమానం పరిమాణాన్ని చెబుతాయి. మారడమంటే ఫైలులో ఒక అక్షరం మారడం కాదు. రన్‌వే కొస దాటాక చదునుగా, అడ్డంకులు లేకుండా ఉండాల్సిన సేఫ్టీ ఏరియా 300 అడుగుల నుంచి 1,000కి పెరిగింది, దాని వెడల్పు 150 నుంచి 500కి. రన్‌వే వెడల్పు 75 నుంచి 100కి. కొస దాటాక నేల మీది జనాన్ని కాపాడడానికి ఖాళీగా ఉంచే రన్‌వే ప్రొటెక్షన్ జోన్, దృశ్యత మైలుకు తగ్గని అప్రోచ్‌ల విషయంలో, 13.77 ఎకరాల నుంచి 29.465 ఎకరాలకు.

తూర్పున వాగు గట్టు వరకు ఉన్నది 700 అడుగులే. అంటే సి తరగతిని ఒప్పుకున్న క్షణమే, ఒక్క అడుగు పొడిగించకముందే, తూర్పు వైపు పరుగెత్తే విమానానికి ఆగే దూరంలో 300 కోతపడి 4,700 మిగిలింది. ఈ మాట చెప్పినప్పుడు సమావేశంలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. పొడవు పెంచమని పిలిస్తే వచ్చి తగ్గించాడని వాళ్లు అనుకుని ఉంటే నేను తప్పు పట్టను. కానీ వాగు గట్టు మేం రాకముందూ అక్కడే ఉంది. ఆ చివర నిలబడి చూశాను. గడ్డి ఏపుగా పెరిగిన చదును, ఆ తర్వాత హఠాత్తుగా పదిహేను అడుగుల లోతు. అడుగున రాళ్లు.

భద్రత కోసమే 7,000 కావాలని ఒక సభ్యుడు పట్టుబట్టారు. ఆయన ఆందోళనలో నిజాయితీ ఉంది, కాబట్టి వివరంగానే జవాబిచ్చాను. 2014 మే 31న బెడ్‌ఫర్డ్ హాన్స్‌కమ్ ఫీల్డులో గల్ఫ్‌స్ట్రీమ్ 4 జెట్ గస్ట్ లాక్ (నిలిపి ఉంచినప్పుడు గాలికి కదలకుండా నియంత్రణ ఫలకాలను బిగించే తాళం) తీయకుండానే టేకాఫ్ పరుగు మొదలుపెట్టింది. ఆ రన్‌వే 7,000 అడుగుల పైచిలుకే. విమానం కొస దాటి లోయలో పడి ఏడుగురూ చనిపోయారు. 2010 అక్టోబరులో టెటర్‌బరోలో అదే రకం జెట్ ల్యాండింగ్‌లో రన్‌వే దాటిపోయింది. చివర బరువుకు నలిగి చక్రాలను పట్టేసే ఈమాస్ పడక ఉంది కాబట్టి అందులో ఆగింది, ప్రాణాలు దక్కాయి. రన్‌వే పొడవు ప్రయాణం ఎంత దూరం సాగాలో చెబుతుంది. పొరపాటు జరిగిన రోజున మనిషిని కాపాడేది కొస దాటాక ఉన్న నేల. డబ్బులు పరిమితంగా ఉన్నప్పుడు ఆ నేలకే ముందు ఖర్చు పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈమాస్ మా తూర్పు కొసకూ పరిశీలించాం గాని ఈ రాకపోకల స్థాయికి దాని ఖర్చు, నిర్వహణ భారం మోయలేనివిగా తేలాయి.

మిగిలింది పడమర. రోడ్డు 1,700 దూరంలో ఉంది, 1,000 సేఫ్టీ ఏరియాకు పోతే 700 అడుగులు పొడిగించొచ్చు. రన్‌వే 5,700 అవుతుంది. ప్రకటిత దూరాలు, అంటే ఒక్కో దిశలో పైలట్లు లెక్కకు వాడుకోదగిన పొడవులు, ఇలా తేలాయి. తూర్పు నుంచి పడమరకు పరుగెత్తేవారికి ఆగడానికీ దిగడానికీ పూర్తి 5,700. పడమర నుంచి తూర్పుకు వెళ్లేవారికి వాగు కోసం 300 పోను 5,400. ఏ వైపు చూసినా చార్టు అడిగింది చేతికొచ్చింది. అంకెలు ఇంత చక్కగా కలవడం నా అనుభవంలో అరుదు, అందుకే మరో ఇంజినీరు చేత మొత్తం మళ్లీ లెక్కగట్టించాను.

చిక్కు రోడ్డు దగ్గర వచ్చింది. సేఫ్టీ ఏరియాకు అది బయటే ఉన్నా ప్రొటెక్షన్ జోన్‌ను నిలువునా కోస్తోంది. కొత్త పొడిగింపు వల్ల పబ్లిక్ రోడ్డు ఆ జోన్‌లోకి వస్తుంటే ప్రత్యామ్నాయాలన్నీ పరిశీలించామని ఎఫ్ఏఏకు చూపించాలి. రోడ్డును వంపు తిప్పడం, రన్‌వేను తక్కువ పొడిగించడం, ఏమీ చేయకపోవడం, ఒక్కోదానికి ఒక్కో డ్రాయింగు. రోడ్డును వంపు తిప్పడానికే అందరూ మొగ్గారు. దానికి ఇద్దరు రైతుల నుంచి భూమి కావాలి, పర్యావరణ మదింపు జరగాలి. పొడిగింపు పని అది తేలేదాకా మొదలుకాదు.

బహిరంగ సమావేశంలో పక్క కాలనీ నుంచి ఒకావిడ లేచి, "పొడవు పెంచితే పెద్ద జెట్లు రావా?" అని అడిగారు. కొన్ని వస్తాయన్నాను. కాదని చెబితే అబద్ధమవుతుంది. శాంటా మోనికాలో 2017 డిసెంబరులో రన్‌వేను 4,973 అడుగుల నుంచి 3,500కు కుదించారు, జెట్ల రాకను తగ్గించాలనే. పొడవు తగ్గితే జెట్లు తగ్గుతాయని నమ్మినప్పుడు పెరిగితే పెరగవని ఎలా అంటాం? అయితే వానరోజు చార్టర్ లెక్క, రద్దయిన ప్రయాణాల కాగితాలు ఆమె ముందు పెట్టాను. ఇప్పటికే వస్తున్న విమానాల కోసమే ఈ 5,700 అని, అంతకు మించి ఒక్క అడుగు కూడా అడగడం లేదని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. కానీ ఆ కాగితాల నకళ్లు అడిగి తీసుకున్నారు.

బోర్డు చివరకు 5,700కు ఓటేసింది. 7,000 మాటేమిటని అడిగిన సభ్యుడికి నేను ఇచ్చిన జవాబు ఒక రిజిస్టరు. ఇప్పుడది ఇంధనం పోసే కౌంటర్ మీద ఉంటుంది. బరువు తగ్గించుకుని వెళ్లిన ప్రతి పైలట్, వాన వల్ల ఇటు రాలేకపోయిన ప్రతి చార్టర్ తరఫున డిస్పాచర్ అందులో ఒక వరుస నింపాలి. తేదీ, విమానం రకం, ఉష్ణోగ్రత, తగ్గించుకున్న ఇంధనం ఎన్ని పౌండ్లు, అసలు గమ్యం. చివరి గడి డిస్పాచర్ సలహా మీద చేర్చాం: ఇక్కడ దిగకపోతే ఎక్కడ దిగారు?